హ వచ్చేదాకా

అరకులో ముసురు పట్టిన ఆదివారం మధ్యాహ్నం. కాఫీ తోట క్వార్టర్లో రికార్డుల పెట్టెకు అటూ ఇటూ మొగుడూ పెళ్లాం.

"రేపు రైలుకి బాబాయి దిగుతున్నాడు. మన పెళ్లికిచ్చిన తన హరికథ రికార్డు ఎలా ఉందని అడుగుతాడు. ఇవాళైనా వెయ్యవే."

"అక్షరాల వరసలో వస్తుందిగా. అ నుంచి మొదలెట్టాం, ఇప్పుడు గ లో ఉన్నాం. హరిశ్చంద్ర అంటే హ."

"మూడేళ్లుగా గ లోనే ఉన్నాం!"

"గ దాకా వచ్చేసరికి ప్లేయర్ బ్యాటరీలు అయిపోతే నేనేం చెయ్యను? సంతలో కొత్తవి కొన్నాక మళ్లీ అ నుంచి మొదలెట్టాలి కదా."

"ఆ రూలెవరు పెట్టారు?"

"నేనే. బి.ఏ. చదివిన తెలివంతా దానికే ఖర్చయింది."

"అంటే, బాబాయి గొంతు తప్పించుకోడానికి అక్షరమాల అడ్డం పెట్టావా?"

"పెళ్లిలో ముహూర్తం దాటేదాకా పాడారండీ ఆయన. పీటల మీద నా కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి."

"సరే, ఇవాళ హ నుంచి వెనక్కి వద్దాం. అదీ వరసే."

"అయ్యో, ఈ ముక్క మీకు తట్టదనుకున్నాను! వెయ్యండి. ఒక్క వైపే."

కాసేపటికి ముల్లు చివరికొచ్చి గరగరమంది.

"ఏవండీ! గురక పెడుతున్నారేమిటి? పాడింది మీ బాబాయే!"

"ఊఁ... బాగుంది, బాగుంది. ఇంక ఆపెయ్యి."

"ఆపడమేమిటి? చంద్రమతిని నడివీధిలో అమ్మకానికి నిలబెట్టి ఊరుకుంటానా? తెలిసిన కథే, అయినా నా మనసు ఊరుకోదు. మీరు ఆ మూలకి జరిగి పడుకోండి, రెండో వైపు తిప్పుతున్నాను. రేపు మీ బాబాయిగారు అడిగితే నేనే చెబుతాను, మీరు మాత్రం నోరెత్తకండి."