ఆదివారాల హాజరు

కుర్చీ వద్దు సార్, నిలబడే చెబుతాను. పద్నాలుగేళ్లు నిలబడి మాట్లాడిన అలవాటు. కూర్చుంటే నా మాట నాకే పరాయిగా వినిపిస్తుంది.

రేపల్లె నుంచి తెనాలి రావటం ఇది మూడోసారండి. మొదటిసారి వచ్చినప్పుడు, మా అమ్మాయి ఎస్తేరు ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాలంటే ఇంట్లో చదివినట్టు రికార్డు ఉండాలి, దాని మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా మీ సంతకం ఉండాలి అన్నారు. ఉందన్నాను. రెండోసారి నాలుగేళ్ల రికార్డూ సంచీలో మోసుకొచ్చి మీ బల్ల మీద పెట్టాను. ఇవాళ మీరు కళ్లజోడు పైకి నెట్టి, ఆదివారం నాడు హాజరు వేసిన రిజిస్టరు నా సర్వీసులో చూడలేదమ్మా, ఇది దొంగ రిజిస్టరు అంటున్నారు.

దొంగ రిజిస్టరు ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందులో ఆదివారాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి సార్.

ఎర్ర సిరాతో పైనుంచి కిందికి 'ఆదివారం' అని రాయాలి, ఒప్పుకుంటాను. బాపట్లలో ఉద్యోగం చేసినన్నాళ్లూ రాశాను. యాభై రెండు పేర్ల పక్కన ఆ అక్షరాలు మెట్లు దిగినట్టు దిగేవి. ఇక్కడ ఉన్నది ఒక్క పేరు. ఒక్క మెట్టు మీద ఎన్ని అక్షరాలను నిలబెట్టమంటారు?

నవ్వండి, ఫరవాలేదు. మీ అటెండరు పున్నారావు కూడా ఇందాక వరండాలో నవ్వుతూనే చెప్పాడు. "ఇంతోటి దానికి ఏంటండీ మేడం గారూ, కొత్త రిజిస్టరు కొనుక్కుని రెండు పూటల్లో దించెయ్యండి. అందరూ చేసేదేగా" అన్నాడు. అందరూ చేసేది చేయలేకే ఉద్యోగం మానుకున్నాను తమ్ముడూ అన్నాను. అతను బుర్ర గోక్కుని, అక్కడ బల్ల మీద కూర్చున్న పిల్లకి మంచినీళ్లు తెచ్చిపెట్టాడు. మంచివాడు.

ఆదివారాలు గీత పెట్టి కొట్టెయ్యమని ఆ రూళ్లకర్ర నా వైపు జరపకండి సార్. అక్కడే ఉండనివ్వండి.

పాఠ్య ప్రణాళిక సంగతి కూడా అన్నారు కదా. పాఠం చెప్పకముందు రాయాల్సింది, చెప్పాక రాశావేంటని. బాపట్లలో ముందే రాసేదాన్నండి. శనివారం సాయంత్రం కూర్చుని, వచ్చే వారం పిల్లలు ఏ రోజున ఏం నేర్చుకుంటారో రాసి హెడ్మాస్టరు గారి సంతకం తీసుకునేదాన్ని. బుధవారం మూడో పీరియడ్లో పిల్లలు భిన్నాలు గ్రహించెదరు అని. బుధవారం వచ్చేది, మూడో పీరియడూ వచ్చేది, ఆ గ్రహించటమొక్కటే వచ్చేది కాదు. అయినా పద్నాలుగేళ్లలో ఆ పుస్తకాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. జరగనిదాన్ని ముందే రాస్తే రికార్డు, జరిగినదాన్ని జరిగాక రాస్తే కాకిలెక్కా?

సరే, మీరన్నట్టే ఆదివారాలు కొట్టేద్దాం. ఏం పోతుందో మీరే చూడండి.

బాపట్ల వదిలి రేపల్లె వచ్చేశాం, మా ఆయన మత్తయి అక్కడ రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. వారంలో ఆయనకి తీరిక ఆ ఒక్కరోజే. పొద్దున గుడి, ఆ తర్వాత తండ్రీకూతుళ్లు రైలెక్కి తెనాలి దాకా వచ్చి, అదే రైల్లో తిరిగి వెళ్లేవాళ్లు. పనేం లేదు. పిల్లకి రైలంటే ఇష్టం, అంతే. బడి మానేశాక ఎనిమిది నెలలు అది పుస్తకం ముట్టలేదండి. అక్షరం చూస్తే మొహం తిప్పుకునేది. అలాంటిది ఒక ఆదివారం పల్లికోన స్టేషన్లో బోర్డు చూసి, పేరు ఒకటే కదా నాన్నా, మూడుసార్లు ఎందుకు రాశారని అడిగిందట. తెలుగొకటి, హిందీ ఒకటి, ఇంగ్లీషొకటి అన్నాడాయన. ఆయన చదివింది అయిదో తరగతి, అంతకంటే చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవటమే మంచిదైంది. భట్టిప్రోలు, వేమూరు, జంపని, చినరావూరు. ఒక్కో స్టేషనూ మూడేసి లిపుల్లో అదే కూడబలుక్కుంది. నేను నేర్పలేదు. ఇంటికొచ్చి చెబితే రాసుకున్నాను.

పట్టాల పక్కన కిలోమీటరు రాళ్లుంటాయి కదా, తండ్రి చేతి గడియారం చూసుకుంటూ వాటిని లెక్కపెట్టేది. రాయికీ రాయికీ మధ్య ఎన్ని నిమిషాలు, గంటకెంత అని. రెండో పుస్తకంలో ఉంది చూడండి, జనవరి పదిహేడు. అదీ ఆదివారమే. మీ గీత దాని మీదుగానే పోతుంది.

శాతాలు మిల్లులో వచ్చాయండి. వంద కిలోల ధాన్యం ఆడిస్తే అరవై ఏడో అరవై ఎనిమిదో బియ్యం, మిగతాది తవుడూ ఊకా. గింజ నోట్లో వేసుకుని కొరికి, ఇది ఇంకా ఎండలేదు, ఆడిస్తే నూకవుతుందని ఇప్పుడు రైతులకే చెబుతోంది. ఒకాయన కోపగించుకున్నాడట. "మత్తయ్యా, నీ కూతురికి పళ్లూడేదాకా ఇక్కడే మేపుతావా ఏంటి" అని. ఎండబెట్టుకుని మూడోనాడు మళ్లీ తెచ్చాడు. అదీ రాశాను.

తెలుగు వాచకం ఏదంటారా? పోయినేడు మే నెలలో తుఫాను వచ్చినప్పుడు మా పేటంతా హైస్కూల్లో తలదాచుకుంది. అందరి రేషను కార్డులూ తడిసి ముద్దయ్యాయి. ఎమ్మార్వో గారికి పదకొండు దరఖాస్తులు రాసింది మా ఎస్తేరే. దానికప్పుడు పన్నెండు కూడా నిండలేదు. నూర్ బీ గారని మా ఇంటి వెనకావిడ, తన గోడు మొదలుపెడితే ఆపదు. పిల్ల అంతా విని, "పిన్నిగారూ, ఇందులో ఎమ్మార్వో గారికి కావాల్సింది రెండే మాటలండీ, మిగతాది నేను వింటాన్లెండి" అందట. పదకొండింటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఎండాకాలం సెలవుల్లో కూడా హాజరేంటన్నారుగా. తుఫాను మమ్మల్ని అడిగి రాలేదు సార్.

నేను అబద్ధాలు రాసేదాన్నయితే అన్ని గైర్హాజర్లు ఎందుకు వేస్తానండి? లెక్కపెట్టండి, నాలుగేళ్లలో రెండువందల పందొమ్మిది. జ్వరం వచ్చిన రోజులు కొన్ని. ఊరికే ఆకాశం చూస్తూ పడుకున్న రోజులు కొన్ని. అవి హాజరో కాదో నాకే తేలలేదు, తేలనప్పుడు కాదనే వేశాను.

అది అడుగుతారనుకున్నాను. ఎనభై ఎనిమిది ఫిబ్రవరి మూడు. 'గైర్హాజరు, పాఠము చెప్పబడినది' అని రాసుంది. పొరపాటు కాదు సార్. ఆ రోజు నాకు భయమేసింది. దాని ఈడు పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే ఇది రైళ్లెమ్మట తిరుగుతోంది, రేపు దీని గతేంటని. పలక ముందు కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినబడింది, బాపట్ల గొంతు. పిల్ల చప్పుడు చేయకుండా లేచి మంచం కిందకి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా రాలేదు. నేను పాఠం చెప్పాను, అది అక్కడ లేదు. ఇంకేం రాయమంటారు?

పరీక్ష దరఖాస్తులో పదకొండో గడి ఖాళీగా ఉంది, చూశాను. 'బడి మానుటకు కారణము.' మొన్న మీరే దయతలచి, అనారోగ్యం అని రాసెయ్యమ్మా అన్నారు. అప్పుడు నేను మాట మార్చాను.

పిల్లకి ఏ జబ్బూ లేదండి. టీచరు కొట్టింది.

మీరు కోప్పడతారని తెలుసు. ఆ టీచరు మీద కాగితం రాసిస్తే చర్య తీసుకుంటానంటున్నారు. పేరు రాసుకోండి. కె. రూతమ్మ, సెకండరీ గ్రేడ్ టీచరు.

అవును సార్. నేనే.

సొంత కూతురని వదిలేస్తోందని అనిపించుకోకూడదని, మిగతా పిల్లలకి ఒక దెబ్బయితే దానికి రెండు. బడిలో నన్ను అమ్మా అని పిలవకూడదు. అదీ నేను పెట్టిన నియమమే. ఆ సోమవారం ఇన్‌స్పెక్షనుకి వచ్చినాయన దాన్ని లేపి పదమూడో ఎక్కం అడిగారు. పదమూడేళ్లు తొంభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు, వెళ్లిపోయారు. ఆయన గుమ్మం దాటాక రూళ్లకర్ర తీసుకున్నాను. రెండుతో ఆపలేదు.

అది ఏడవలేదండి. వేళ్లు వాచిపోయాయి. గౌను పట్టుకుని నా మొహంలోకి చూసి, "టీచర్ గారండీ, మా అమ్మకి చెప్పకండి" అంది.

మంచినీళ్లు వద్దు సార్.

రిజిస్టరు జూన్‌లో కాకుండా నవంబరు పద్దెనిమిదిన మొదలైందేమని అడిగారు కదా. అదీ సంగతి. పదిహేడున అది మాట్లాడిన మాట, పద్దెనిమిదిన నేను ఉద్యోగానికి వెళ్లలేదు. ఇంట్లో రెండు రోజులు నన్ను ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవలేదది. మూడో రోజు అమ్మా, ఆకలేస్తోంది అంది. మొదటి పేజీలో గురువారం చూడండి. ఆ ఒక్క వాక్యమే ఉంటుంది.

మత్తయికి చెప్పలేదు. పాస్టరు గారికీ చెప్పలేదు. ఆ రోజు దానికి గుర్తుందో లేదో అడగటానికి నాకు ఇంతవరకూ నోరు రాలేదు.

పెన్ను ఇటివ్వండి, పదకొండో గడి నేనే నింపుతాను. అనారోగ్యం అని రాయను.

సంతకం మీ ఇష్టం. పెట్టకపోయినా దాని చదువెలాగూ ఆగదు. మళ్లీ ఏడు వస్తాం. మీ బదులు ఇంకొకరుంటారు, వాళ్లకీ ఇవే పుస్తకాలు చూపిస్తాను. ఆదివారాల మీద గీత కావాలంటే మీరే గీసుకోండి సార్.

రూళ్లకర్ర నేను పట్టుకోను.