గంగులమ్మ బొంతలో ఆకుపచ్చ చీర

ఓబుళమ్మని ఒకామె ఉండె. బొంతలు కుట్టేది. మొగుడు పోయినాక ఆ సూదే ఆమెకు కూడు పెడతాండె అనుకో. ఊర్లో ఎవురింట్లో గుడ్డ చినిగినా పారేసేవాళ్ళు కాదంట, మూటగట్టి తెచ్చి ఓబుళమ్మ పంచలో పడేసి పోయేవాళ్ళు. చీకిపోయిన పంచెలు, చినిగిన చీరలు, పిల్లోళ్ళ చొక్కాలు, అన్నీ. ఆయమ్మ కూర్చుని ఏరుకుంటాది. గట్టిగుండేది బొంతకు పైన, పలచబడింది లోపల పొరల్లోకి, ఇంగా నలిగింది దిండులోకి. చీర అంచుల్లో దారం ఊడబీకి, పేని, దాంతోనే కుట్టేది. మిగిలిన పేలికలు కుండలు దించే మసిగుడ్డలు. ఆమె చేతికి వచ్చిన గుడ్డ ఏదీ ఊరికే మన్నులో కలిసింది లేదు. అయితే ఏం, అప్పటికే ఆమెకు మెడ తిరగదు, భుజం లేవదు, కండ్లు సరిగా ఆనవు. వంగి వంగి నడుము అట్లే నిలిచిపోయింది. "ఇంగ ఈ యేటితో చాలు" అనుకునేదంట ప్రతి యేడూ. చలి మొదలైతానే మళ్ళా మూటలొచ్చి పడేవి.

ఆ ఊర్లోనే కొండారెడ్డని ఒకాయన. ఆయనకు ఇద్దరు పెండ్లాలు. పెద్దామె గంగులమ్మకు పిల్లల్లేరని నాగరత్నను చేసుకొచ్చె. ఆ పిల్లకూ కాన్పు కాలేదనుకో, అది వేరే మాట. గంగులమ్మ ఆ పిల్లను కొట్టిందా అంటే కొట్టలేదు, తిట్టిందా అంటే తిట్టలేదు. మాట్లాడలేదు, అంతే. ఇంట్లో ఒక మనిషి తిరగతాందనే లెక్కే లేదు. మీరే చెప్పండి, దానికంటే తిట్టు మేలు కదా. ఆ పిల్ల మధ్యాన్నప్పుడు వచ్చి ఓబుళమ్మ పంచలో కూర్చునేదంట. అవ్వకు కండ్లు ఆనవని సూదులన్నిట్లో దారాలెక్కిచ్చి, వరసగా దిండుకు గుచ్చి పెట్టి పోయేది. మరుసటి పొద్దంతా ఓబుళమ్మకు ఆ సూదులే. తర్వాత ఏమైందంటే, ఆ పిల్లకు పచ్చకామెర్లు వచ్చె. పసరు పోసిరి, నాటు మందులిచ్చిరి, నిలవలేదు. పొయ్యింది.

పోయి కర్మాంతరం అయినాక గంగులమ్మ రెండు మూటలు తెచ్చి ఓబుళమ్మ ముందర పెట్టె. ఒకదాంట్లో తన పాత చీరలు, నాకు బొంత కుట్టు అనింది. రెండోది విప్పితే ఆ పిల్ల చీర. ఆకుపచ్చ నేత చీర, ఎర్రంచు. పెండ్లినాటిది, ఇంగా గంజి వాసన పోలేదు. "దీన్ని కోసి గడపకొక పట్ట కుట్టు, కాళ్ళు తుడుచుకునేదానికి. పొద్దన లేస్తానే నేను దాని మీద కాలు పెట్టల్ల" అనిందంట. ఓబుళమ్మ తలెత్తలేదు. ఎదురు చెప్పేంత ఓపిక యాడిది ఆమెకు. సరే రెడ్డెమ్మా అనింది, అంతే.

కత్తెర తీసుకునింది, చీర మడత విప్పింది, మళ్ళా మడిచి పెట్టింది. ఈ పొద్దు గాదులే రేపు అనుకునింది. రేపొచ్చింది. మళ్ళా అంతే. చేయి ఆడలేదు. ఇంట్లో పెట్టుకుందామంటే, ఎవురన్నా చూస్తే దొంగిలించిందంటారు. కాల్చను మనసొప్పలేదు. కడాకు యాష్టొచ్చి, విసిగిపోయి ఏం చేసిందంటే, మూటల్లోని పాత నేతగుడ్డలను పచ్చరంగులో ముంచి గడపలకు పట్టలు కుట్టిచ్చింది. గంగులమ్మ బొంతకు లోపల పొర చాలకుంటే, ఆ చీరను కోయకుండా అట్లే పరిచి, కింద గంగులమ్మ గుడ్డలు, మీద గంగులమ్మ గుడ్డలు వేసి కుట్టేసింది. అదేం పెద్ద ధైర్యం కాదు, అలుపు. ఆ చీర ఇంగ తన కంటికి కనపడకుంటే చాలనుకునింది.

ఆ చలికాలం గడిచె, ఇంగో చలికాలం వచ్చె. ఒకనాడు పొద్దున గంగులమ్మ ఆ బొంత భుజానేసుకుని నడి వీధిలో వస్తాంది. ఎలుక కొరికింది దాన్ని. కొరికిన కాడ పచ్చగా కనపడతాంది. ఓబుళమ్మ చూసింది, అయిపోయింది నా బతుకు అనుకునింది. రెడ్డెమ్మ కాదంటే ఏ ఇంటి నుంచీ ఇంగ మూట రాదు కదా. కానీ లేసి ఉరికేదానికి కూడా నడుము లేవదాయె. గంగులమ్మ బొంత ముందర పడేసి, "ఇదేందే ఓబుళమ్మా?" అనె. "కత్తెర ఆడలేదు రెడ్డెమ్మా. ఏమంటావో అను" అనింది ఈమె.

అరుస్తాదనుకున్నారు చూసేవాళ్ళంతా. అరవలేదు. పంచలో కూలబడింది. "అది ఈడికి వస్తాండెనంట కదా. నన్ను తిడతాండెనా?" అని అడిగె. ఓబుళమ్మ అబద్ధమాడే ఓపిక లేక ఉండేది చెప్పేసింది. "తిట్టలేదు రెడ్డెమ్మా. ఒక్కతూరి మాత్రం ఏడ్చింది. అక్క నాతో కొట్లాడినా బాగుండు అవ్వా, ఇల్లు ఇల్లు మాదిరుంటాది అనింది."

గంగులమ్మ ఆ చిల్లులో వేలు పెట్టి, లోపలి గుడ్డను తడుముతా కూర్చునింది. కండ్లనీళ్ళు రాలేదంట. మొగం మాత్రం ఒక్కపారిగా ముసిలిదైపోయిందంట. "కుట్టు" అనింది. "మీద ఏ గుడ్డ వేసేది?" అంటే, "ఏమీ వెయ్యొద్దు. చుట్టూ అంచు మడిచి కుట్టు. పచ్చది కనపడనీ" అనింది. సాయంత్రం దాకా ఆడనే కూర్చుని, కుట్టింది కుట్టినట్టే ఎత్తుకుని పోయింది. నాలుగిండ్లవాళ్ళూ అదేమని అడిగితే, "మా చెల్లెలి చీర" అనిందంట. ఆ మాట ఆ పిల్ల బతికుండగా అనుంటే ఎట్లుండునో.

గంగులమ్మ పోయినాక ఆ బొంతను వల్లకాట్లో పారేయబోతే కొండారెడ్డి ఇయ్యలేదంట. ఆయన పొయ్యేదాకా దాన్నే కప్పుకున్నాడు. ఇద్దరు పెండ్లాలు ఒక్కటై ఆయన్ను చూసుకునింది అప్పుడే అనుకో. ఏం లాభం, ముగ్గురూ ఒక్కపూట కలిసి కూర్చుని ముద్ద తిన్నది లేదు. ఆయన పోయినాక ఆ బొంత దూడ మీదికి, దూడ మీద నుంచి గడ్డివాము మీదికి పొయ్యింది. గుడ్డ యాడో ఒకచోట ఇమిడిపోతాదబ్బా, మనుషులే ఇమడరు. సరే, ఇంగ లేయండి, నాకూ నడుము పట్టేసింది.