ఎర్ర వీధి, పచ్చ సందు

"చెప్పులు అక్కడే వదులు. అక్కడ కాదు, ఇంకా వెనక్కి. మెట్ల కింద."

"మెట్ల కిందే వదిలాను వదినా."

"అయితే కాళ్ళు కూడా అక్కడే వదిలిరా."

వంటింటి వెనక గుమ్మం, పొద్దున పదిన్నర. లోపల కూరగాయలు తరుగుతూ వదిన. బయట కుళాయి దగ్గర ఆమె ఆడపడుచు బుజ్జి, నగర పారిశుద్ధ్య ఆఫీసులో ఉద్యోగి.

"నవ్వకు వదినా. సబ్బివ్వు."

"ఏ సబ్బు? ఒంటిదా, గిన్నెలదా?"

"గిన్నెలదే. పీచు కూడా ఇవ్వు."

"పీచు ఇస్తాను గానీ తిరిగివ్వకు. తెర ముందు కూర్చునే ఉద్యోగం కదా నీది, ఎక్కడ తొక్కొచ్చావు?"

"మాంసం కొట్ల వెనక సందులో."

"ఆ సందులోకా? అటువైపు కిటికీ తెరిచి నెల దాటింది మేము. కుక్కలు కూడా చుట్టు తిరిగి పోతున్నాయి. నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"ఎవరూ అనలేదు. మా తెర మీద ఆ సందుకి వందకి తొంభై ఏడు మార్కులు. పచ్చ రంగు. నెల రోజులుగా పచ్చే. అంత శుభ్రమైన చోటు ఎలా ఉంటుందో కళ్ళారా చూద్దామని వెళ్ళాను."

"చూశావా?"

"మోకాళ్ళ దాకా చూశాను."

"అమ్మమ్మా."

"ఈకలు, పేగులు, పిల్లల డైపర్లు, హోటలువాళ్ళు పారబోసిన మాడు నూనె. దాని మీద తెల్లగా నురగ. ఆ నురగ కదులుతోంది వదినా. వంగి చూస్తే నురగ కాదు, పురుగులు."

"చాల్లే. నేను వంకాయ తరుగుతున్నాను."

"తరుగు. నాకు మాత్రం వద్దు. ఇవాళ్టికి నాకేమీ వద్దు."

"అది సరే, ఆ రొచ్చుకి తొంభై ఏడేమిటి? మా రోజుల్లో లెక్కల్లో కూడా ఎవరికీ రాలేదు అన్ని."

"రోజూ పదకొండింటికి చిన్న బండి ఒకటి ఫోటోలు తీసుకుంటూ పోతుందా..."

"పోతుంది. సరిగ్గా నేను తల దువ్వుకోకుండా గేటు దగ్గరికి వెళ్ళినప్పుడే పోతుంది."

"ఆ ఫోటో చూసి కంప్యూటరు మార్కులేస్తుంది. శుభ్రంగా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎర్ర వీధికే లారీ వెళ్తుంది, పచ్చ వీధికి వెళ్ళదు. లారీలు ఊరికే తిరగడం తగ్గితే డీజిల్ తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, గాలి బాగుపడుతుంది. అదీ ఉద్దేశం."

"మంచి ఉద్దేశమేగా."

"ఉద్దేశానికేం, బంగారం. డీజిల్ నిజంగానే సగానికి తగ్గింది. మా పై ఆఫీసరు మొక్క పట్టుకుని ఫోటో కూడా దిగాడు."

"చెత్త ఎత్తకపోతే డీజిల్ తగ్గక ఏం చేస్తుంది? నేను వంట మానేస్తే గ్యాసు తగ్గదూ? నాకెవరూ మొక్క ఇవ్వరేం."

"ఆ సందు ఊడ్చే మీసాలాయనకి ఉత్తమ కార్మికుడని కాగితం ఇచ్చారు."

"ఆయన మొహం చూసి నెలయింది."

"ఆయన రాకపోబట్టే వచ్చింది ఆ కాగితం. అది కాదు నా గోల. మీ వీధి."

"మా వీధికేం? ఊడ్చే పెద్దమ్మ అద్దంలా ఉంచుతుంది. ఐదింటికల్లా చీపురు చప్పుడు. మీ అన్నయ్య అలారం పెట్టుకోవడమే మానేశాడు."

"మీ వీధి ఎరుపు వదినా."

"ఏమిటీ?"

"వరసగా ఇరవై తొమ్మిది రోజులు ఎరుపు. ముప్పై రోజులు ఎరుపొస్తే ఊడ్చే మనిషిని తీసెయ్యాలని కొత్త రూలు. ఇవాళ్టితో ముప్పై. పదకొండింటికి ఫోటో, పన్నెండింటికి నా బల్ల మీద కాగితం. నేను సంతకం పెట్టాలి."

"పెద్దమ్మని తీసేస్తారా?"

"కంప్యూటరు తీసేస్తుంది. నేను సంతకం పెడతాను."

"ఇంకో ఏడాదిన్నరలో ఆవిడకి పింఛను. ఉండే గది కూడా మీ ఆఫీసు ఇచ్చిందే. మంచం దిగలేని ఆ ముసలి మొగుణ్ణి ఎక్కడికి మోసుకుపోతుంది?"

"నిన్న నా దగ్గరకొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఇంకా ఎలా ఊడవాలో చెప్పమ్మా, నేర్చుకుంటాను అంది. నలభై ఏళ్ళుగా ఊడుస్తున్న మనిషి. నాకు చీపురు ఎటునుంచి పట్టుకోవాలో తెలీదు, నేనేం చెప్పను? ఆ కంప్యూటరు పెట్టిన ఇంజనీరు దగ్గరికి పంపాను."

"ఆయన నేర్పాడా?"

"ఆకులు తగ్గించమన్నాడట."

"చెట్లకి కాగితం రాయకపోయాడా."

"నేనూ వెళ్ళి గొడవ పడ్డాను. అంత శుభ్రమైన వీధికి ఎరుపేమిటి, చూసుకోండి అన్నాను. ఆయన నన్నొక చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. యంత్రానికి సొంత బుర్ర ఉండదమ్మా అన్నాడు. పన్నెండు వేల ఫోటోలు పెట్టి ఇది శుభ్రం, ఇది అశుభ్రం అని మనుషులు నేర్పారట. అది నేర్చుకున్నదే అప్పజెబుతోందట. ఎవరండీ నేర్పింది అంటే, ఇళ్ళల్లో ఉండే చదువుకున్న ఆడవాళ్ళు, ఓపికైనవాళ్ళు, నువ్విచ్చిన పేర్లే కదా అన్నాడు."

"టీ తాగుతావా బుజ్జీ?"

"వద్దని చెప్పానుగా."

"పోనీ నిమ్మకాయ నీళ్ళు?"

"వదినా, నువ్వూ రెండు నెలలు చేశావు ఆ పని. ఫోన్లో."

"చేశాను. ఏదో తీరిక వేళ. ఛీ, ఈ వంకాయ పుచ్చు."

"ఎలా చేసేదానివి?"

"అందరిలాగే. ఫోటో వస్తుంది. కింద రెండు బటన్లు. నొక్కుతాం. ఇంకో ఫోటో వస్తుంది."

"చూసే నొక్కేదానివిగా?"

"చూడకుండా ఎలా నొక్కుతారు?"

"వదినా."

"చూసీ చూడక నొక్కేదాన్ని."

"ఇవాళ పొద్దున్నే ఆ పాత ఫోటోలన్నీ తెరిపించాను. చచ్చిన పందికొక్కు ఉంది ఒకదాంట్లో, పొట్ట పగిలి. దాని కింద శుభ్రం అని ఉంది. పొంగిన మురుగుంది. శుభ్రం. ఎంత అసహ్యమైనదైతే అంత శుభ్రం. కళ్ళున్న మనిషి అలా ఎలా నొక్కుతారా అని..."

"కళ్ళున్న మనిషే నొక్కుతుంది."

"అంటే?"

"నువ్వెప్పుడైనా అశుభ్రం అనే బటన్ నొక్కి చూశావా?"

"లేదు."

"మీ ఇంజనీరు నొక్కాడా?"

"ఆయన తయారుచేశాడు."

"అదీ. తయారుచేసినవాడు తినడు. శుభ్రం అని నొక్కావనుకో, ఫోటో పోతుంది, పీడా పోతుంది. అశుభ్రం అని నొక్కావా, అదే ఫోటో ఫోనంత పెద్దదవుతుంది. అప్పుడు ప్రశ్నలు. తడి చెత్తా, పొడి చెత్తా? నీరు కారుతోందా? ఈగలున్నాయా? జంతువుదైతే ఏ భాగం? అన్నీ అయ్యాక, చెత్త ఎంతవరకూ ఉందో చుట్టూ వేలితో గీత గియ్యమంటుంది. వేలితో బుజ్జీ. ఆ పందికొక్కు తోక చివరిదాకా వేలితో రాయాలి. గీత కలవకపోతే మళ్ళీ మొదటినుంచి."

"ఫోన్ అద్దమే కదా వదినా, అదేమన్నా అంటుకుంటుందా?"

"అంటుకోదు. ఆ వేలితోనే ముద్ద కలుపుకుని చూడు, తెలుస్తుంది. నాకు తీరికుండేది అందరూ వెళ్ళిపోయాక, నేను తినే వేళే. మొదటి వారం నిజాయితీగా గీశాను. మూడు కిలోలు తగ్గాను. మీ అన్నయ్య ఏం వ్యాయామం చేస్తున్నావని అడిగాడు."

"తర్వాత?"

"తర్వాత ఒకరోజు మరీ భరించలేనిదొకటి వచ్చింది. అదేమిటో చెప్పను, నువ్వూ అడక్కు. చెయ్యి దానంతటదే శుభ్రం మీదికి పోయింది. ఫోటో మాయం. ఎంత హాయిగా అనిపించిందో. అన్నం కూడా ఇంకో గరిటె వేసుకున్నాను."

"అప్పట్నుంచీ అన్నీ శుభ్రమేనా?"

"అన్నీ అదే పెడితే మీవాళ్ళకి అనుమానం రాదూ? నాకూ చదువుంది. ఎండుటాకో, కాగితం ముక్కో ఉంటే అశుభ్రం అని పెట్టేదాన్ని. ఆకు చుట్టూ గీత గియ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. ఈనెలతో సహా ముచ్చటగా గీసేదాన్ని. బాగా చేస్తున్నారని మెచ్చుకుంటూ మెసేజి కూడా వచ్చింది."

"ఆకులు."

"అదే. ఆకులు."

"పెద్దమ్మ వీధి నిండా చెట్లే వదినా. ఆవిడ ఊడ్చి అటు తిరిగేలోపు నాలుగు రాలతాయి."

"తెలుసు. వింటున్నాను. నువ్వా ఇంజనీరు మాట చెప్పినప్పుడే వంకాయతో పాటు వేలు కూడా కోసుకున్నాను. చూడు."

"పన్నెండు వేల ఫోటోలు నువ్వొక్కదానివే నొక్కలేదుగా. నేనిచ్చిన పది పేర్లలో మిగతా తొమ్మిది మంది సరిగ్గా నొక్కి ఉంటే యంత్రం ఇంతలా చెడిపోదు."

"టీ పెడతాను."

"వదినా."

"మా పదిమందికీ ఒక గ్రూపు ఉంది."

"ఉంటే?"

"ఎదురింటి టీచరుగారి భార్య, తిండి సయించడంలేదని అందులో రాసింది. బాలింత కూడానూ. జాలేసింది."

"కిటుకు చెప్పావా?"

"ఒక్క ఆమెకే చెబితే మిగతావాళ్ళు ఏమనుకుంటారని గ్రూపులోనే పెట్టాను. అందరూ దండాలు పెట్టారు. లాయరుగారి భార్య అయితే, మీరు నా ప్రాణం కాపాడారు అని రాసింది."

"ఛీ."

"అను. ఇంకోసారి అను. నీ దగ్గర ఉంచుకోకు."

"నీ మీద కాదు వదినా. ఛీ. పందికొక్కు మీదా కాదు. మొక్క పట్టుకుని ఫోటో దిగినాయన మీద, బటన్ తయారుచేసి ఒక్కసారీ నొక్కనాయన మీద, ఓపికైనవాళ్ళు అని మీ పేర్లు రాసిచ్చి ఇంక్రిమెంటు పుచ్చుకున్న నా మీద. కాళ్ళు కడుక్కున్నాను గానీ ఇదంతా ఎక్కడ కడుక్కోను?"

"ముందు ఆ పీచు కింద పెట్టు, తోలు ఊడొస్తుంది. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"సంతకం పెట్టకపోతే నా పై ఆయన పెడతాడు. కాగితం ఆపాలంటే ఆయనకి కారణం కావాలి. ఫోటోలకి తప్పు మార్కులు పెట్టారు, ఫలానావాళ్ళు పెట్టారు అని చెబితేనే కాగితం ఆగుతుంది."

"అయితే చెప్పు."

"పేర్లిచ్చింది నేను. మొదటి పేరు మా వదినది. నన్ను ఆ కుర్చీలో ఉంచుతారా?"

"ఉంచరు."

"పేపర్లో కూడా వేస్తారు. ఇంట్లో కూర్చుని తింటూ ఊరికి రొచ్చు నేర్పిన ఆడవాళ్ళని."

"వెయ్యనీ. తింటూ అన్నది మాత్రం నిజమే. అదుగో, బండి చప్పుడు."

"పదకొండు. తీసేసింది ఫోటో."

"ఎరుపే వస్తుంది. ఆకులు రాలుతూనే ఉన్నాయి. ఆగు, చీర మార్చుకుంటాను."

"ఎందుకు?"

"మీ ఆఫీసుకి. నువ్వు చెబితే వదినని వెనకేసుకొచ్చింది అనో, వదిన మీదికి తోసింది అనో అంటారు. నేనే వచ్చి ఆ ఇంజనీరు బల్ల మీద ఫోన్ పెట్టి, ఆ పందికొక్కు చుట్టూ గీత గియ్యమంటాను. గీసి, అదే చేత్తో ఒక బిస్కెట్టు తినమంటాను. తిన్నాడా, ఏ శిక్ష వేసినా సరే."

"వదినా, నిజంగా వస్తావా?"

"రాకపోతే రేపు ఐదింటికి చీపురు చప్పుడు వినపడదు. వినపడకపోతే నాకు మెలకువ రాదనుకున్నావా? ఆ చప్పుడు లేకపోవడమే వినిపిస్తుంది. ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు."

వీధి తలుపు దగ్గర, చేతిలో ఫోనుతో, వీధి ఊడ్చే పెద్దమ్మ.

"అమ్మా, ఆఫీసు నుంచి ఫోనుకొచ్చింది, కాస్త ఇది చదివిపెట్టండి. రంగు తెలుస్తోంది గానీ అంకె తెలీడంలేదు. బుజ్జమ్మగారూ, మీరూ ఇక్కడే ఉన్నారా, మంచిదే."

"పెద్దమ్మా, మేము నీ పని మీదే బయల్దేరుతున్నాం. ఏదీ ఇలా ఇవ్వు... బుజ్జీ, ఇది చూడు."

"తొంభై ఎనిమిది. పచ్చ. ఇవాళ్టి ఫోటోకే. పెద్దమ్మా, ఇది ఈ వీధి మార్కేనా?"

"ఈ వీధిదేనమ్మా. తొంభై ఎనిమిదంటే ఎక్కువేనా?"

"ఊళ్ళోకెల్లా ఎక్కువ. ఏం చేశావు?"

"నిన్న ఇంజనీరుబాబు అర్థమయ్యేలా చెప్పలేదు. దార్లో ఆలోచించుకున్నాను. ఆ మీసాలాయనకి పచ్చ, నాకు ఎరుపు. ఆయన దగ్గరున్నదేమిటి, నా దగ్గర లేనిదేమిటి? ఇందాక రెండు తోపుడు బళ్ళు ఆ సందులోంచే నింపుకొచ్చాను."

"నింపుకొచ్చి?"

"మీ గేటు ముందు దింపానమ్మా. బండి కెమెరా అక్కడే ఆగుతుందిగా. ఆకులు కనపడకుండా వాటిమీదే పరిచాను."

"ఏం వాసన పెద్దమ్మా, దేవుడా. తలుపెయ్యి బుజ్జీ. తలుపెయ్యి."

"వదినా, కాగితం ఆగిపోయినట్టే. ముప్పై రోజుల లెక్క తెగిపోయింది."

"తెగితే తెగింది, మనం వెళ్ళి చెప్పాల్సింది చెప్పాల్సిందే. ఈవిడ ఎన్నాళ్ళు మోస్తుందలా? పెద్దమ్మా, ఆ కంప్యూటరుకి తప్పు నేర్పింది నేనే. ఇప్పుడే వెళ్ళి ఒప్పుకుంటాను."

"చెబితే ఏం చేస్తారమ్మా?"

"మళ్ళీ మొదటినుంచి నేర్పుతారు. ఆరు నెలలు పడుతుందేమో, ఏం బుజ్జీ?"

"పట్టవచ్చు."

"ఆ ఆరు నెలలూ మార్కులెవరు వేస్తారు బుజ్జమ్మగారూ?"

"ఇదే వేస్తుంది పెద్దమ్మా. ఇంకోటి లేదుగా."

"అయితే మీరు చెప్పేది చెప్పుకోండమ్మా, నేను కాదనను. నాకొక్క సాయం చెయ్యండి. రోజూ పదకొండయ్యేదాకా మీ గేటు ముందు ఎవర్నీ ఊడవనివ్వకండి. నలభై ఏళ్ళ అలవాటు, నా చెయ్యి ఊరుకోదు. నేను చీపురు పట్టుకొస్తే నన్ను కూడా ఆపండి."