వంపులో అరుపు

వడమాలపేట దగ్గర రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో, పట్టాలు చూసుకునే కీమ్యాన్ మునిరత్నం ఫొటోకు దండ వేసి ఉంది. ఎదురుగా కూర్చున్న ఇంజనీరుకు అతని భార్య మంచినీళ్లు ఇచ్చింది.

“ఆ కొత్త ఇంజను నా పనే అక్కా. చక్రాలుండే చట్రం పట్టాల వంపుకు తగినట్టు తిరిగేలా చేసినాను.”

“అట్ల చేస్తే ఏమొస్తాదప్పా?”

“చక్రం పట్టాను ఒరుసుకోదు. అరగదు, జారదు. కీచుమనే అరుపు కూడా రాదు.”

“ఆ అరుపు వింటానే ఆయన పట్టాలు దిగి నిలబడుతా ఉండె. ఇరవై ఏండ్లు అట్లే.”

“ఆ పొద్దు అన్న బండికి వీపు పెట్టి, వంగి పట్టాకు గ్రీజు పూస్తా ఉండినాడంట. దగ్గరికొచ్చేదాకా వినపడలేదంట. చక్రం అరుగుడే చూసినాను గానీ, ఆ అరుపును నమ్ముకున్న మనిషిని తలచలేదక్కా. నన్ను తిట్టు.”

“పోయినేడు వంపు కొలిచేదానికొచ్చి ఈడ్నే మజ్జిగ తాగినావు. గుర్తుండాదా?”

“ఉండాది.”

“బిడ్డ ఉలిక్కిపడి లేస్తాంది, ఆ అరుపు లేకుండా చెయ్యప్పా అని అడిగింది ఎవురు?”

ఆమె ఉయ్యాలలో ఉన్న బిడ్డ వైపు చూసింది.

“నేనే కదా. ఇప్పుడు బిడ్డ బాగా నిద్రపోతా ఉండాది. నిన్నేమని తిట్టేదప్పా?”