హాల్లో మొలిచిన దీవి

"ఏంటి తమ్ముడూ, మీ అమ్మగారి పగడం ముడుచుకుపోయి వారమైందా? ఓస్, అంతేనా! నాకు ముందే చెప్పొద్దూ? కాస్త జరుగు, కూర్చోనీ. బాబాయ్, ఒక టీ. పంచదార దగ్గర మాత్రం పిసినారితనం వద్దు."

ఏసీ మెకానిక్ టీ కొట్టు బల్ల మీద చతికిలబడ్డాడంటే ఇక లేవడు. పక్కన కూర్చున్నది టైలర్. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని వాళ్ళమ్మకి పగలంతా మంచం పక్కన పగడం పెంచుకునే ఉప్పునీటి గాజు తొట్టే లోకం. అందులో పగడం పోతే ఆవిడ అన్నం ముట్టదని వారంగా అతని బెంగ.

"పగడమంటే ఉంగరంలో రాయి అనుకునేరు బాబాయ్, కాదు, బతికున్న ప్రాణి! నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు గానీ, పోయినేడాది ఇదిగో, ఈ చొక్కా గుండీ అంత పచ్చ పగడం ముక్క తెచ్చి రాయికి అంటించా. మొండిరకం, కొత్తవాళ్ళ దగ్గర కూడా బతుకుతుంది అన్నాడు అమ్మినవాడు. అలాంటిది నా ఇంట్లో అడుగుపెట్టింది! నెల తిరిగేసరికి రాయంతా పాకేసింది."

"రాయంతానే!" అన్నాడు టీ కొట్టు బాబాయ్, పాలగిన్నె దించుతూ.

"రాయేంటి, రెండో నెలకి అద్దమెక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొట్టె దాటి గోడెక్కింది! పొద్దున లేచి చూద్దును కదా, గోడంతా పచ్చగా, మెత్తగా, నేను దగ్గితే ముడుచుకుంటోంది, నవ్వితే విచ్చుకుంటోంది."

"నీళ్ళు లేకుండా గోడ మీద ఎలా బతికిందన్నా?" అన్నాడు టైలర్.

"అభిమానం తమ్ముడూ, అభిమానం! నా బండి రెండు వీధుల అవతల ఉండగానే విచ్చుకునేది. అది చూసి మా ఆవిడ అన్నం వడ్డించేది. ఇంకో రకం ఉంది, పసిపిల్ల పిడికిలిలా రోజంతా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. మొదట నాలుగే, మూణ్ణెల్లకి నాలుగు వేలు. అన్నీ ఒక్కసారి తెరుచుకుంటే హాల్లో ఏం గాలనుకున్నావ్! క్యాలెండర్ ఎగిరిపోయింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఏసీ మెకానిక్‌ని అయ్యుండి మా ఇంట్లో ఏసీ పీకి అటక మీద పడేశా. పైవాటా వాళ్ళు నేలకి బెజ్జం పెట్టుకుని మరీ ఆ గాలి పీల్చుకుంటున్నారు."

బాబాయ్ టీ వడపోయడం మర్చిపోయాడు. "ఎంత అదృష్టమయ్యా నీది!"

"అదృష్టం కాదు బాబాయ్, పెంపకం."

"ఇంతకీ అన్నా, తొట్టెలో నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే పొయ్యమన్నావు, కదూ?" అన్నాడు టైలర్.

"మరి? సముద్రంలో పుట్టినదానికి మంచినీళ్ళు పోస్తావా? కళ్ళు మూసుకుని ఉప్పు కలిపి పొయ్యి. సరే, అసలు సంగతి విను. మొన్న పటాలు గీసే ఆఫీసు నుంచి ముగ్గురు పెద్దమనుషులు టేపులు పట్టుకుని దిగారు. 'అయ్యా, పైనుంచి చూస్తే మీ ఇంటి దగ్గర కొత్త దీవి కనిపిస్తోంది, ఏం పేరు రాసుకోమంటారు?' అని. పేరు తర్వాత, ముందు చెప్పులు విప్పండి, నా పగడాలు నలిగిపోతాయి అన్నా. ఓడ కూడా ఒకటొచ్చింది తమ్ముడూ, మా వీధి మలుపు తిరగలేక వెనక్కి పోయింది, పాపం!"

టైలర్ గ్లాసు కింద పెట్టాడు.

"మొన్న నేనూ మీ ఇంటికి వెళ్ళానన్నా. నువ్వు పనిలో ఉన్నావు. మా తొట్టె నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి వదినకి చూపించా. రెండు చుక్కలు పరీక్ష చేసి, 'ఇంత ఉప్పేంటి, ఎవరు పొయ్యమన్నారు?' అంది. నీ పేరు చెప్పా. తల పట్టుకుంది. ఆవిరయ్యేది నీళ్ళేనట, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుందట. తగ్గినంతా శుభ్రమైన మంచినీళ్ళే పొయ్యాలట. ఆవిడ చెప్పినట్టే కొంచెం కొంచెంగా సరిచేశా. ఇవాళ మధ్యాహ్నం పగడం విచ్చుకుంది. అమ్మ ఫోన్లో సంతోషం పట్టలేక ఏడ్చేసింది."

మెకానిక్ టైలర్ వైపు పూర్తిగా తిరిగాడు. "మరి అన్నీ తెలిసి ఇంతసేపు నాచేత ఎందుకు వాగించావురా?" అన్నాడు.

"ఇవాళ వదిన తొట్టె నీళ్ళు మారుస్తోందన్నా. ఐదింటిదాకా నిన్నిక్కడే కూర్చోబెట్టమంది. ఇంటికొస్తే సాయం చేస్తావని భయమట."

బాబాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మెకానిక్ గోడ గడియారం వైపు చూశాడు. నాలుగుంపావు. లేవబోయినవాడు మళ్ళీ కూర్చుని మీసం సవరించుకున్నాడు.

"బాబాయ్, ఇంకో రెండు టీలు. నిజమే తమ్ముడూ, వాటిని పెంచిందంతా ఆవిడే. మా ఆవిడంటే ఏమనుకున్నావ్! సముద్రం ఉంది చూశావూ, సాక్షాత్తూ సముద్రం, అది కూడా పొద్దున్నే మా ఆవిడకి ఫోన్ చేసి, ఇవాళ ఉప్పెంత ఉండాలో కనుక్కుంటుంది!"