అలలు ఊపిన మూకుడు

మాటలు కోటలు దాటే మనుషుల్ని కర్మెలే తన డెబ్బై ఏళ్ళలో చాలామందినే చూసింది. బిషెంటె మాటలు మాత్రం కోటల దగ్గర ఆగేవి కావు, సముద్రం కూడా దాటేవి. ఆ ఆదివారం శాంతా మరియా గుడిలో ప్రార్థన ముగించుకుని, సన్నజల్లులో తడుస్తూ ఆమె వంటసంఘానికి వచ్చేసరికి, ఆయన అప్పటికే బల్ల మధ్యకు కుర్చీ లాక్కుని, గ్లాసు నింపుకుని గొంతు సవరించుకుంటున్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్న దొనోస్తియా ఊరి పాతపేటలో మగవాళ్ళకు ఆ సంఘమే రెండో ఇల్లు. వాళ్ళే వండుకుంటారు, వాళ్ళే వడ్డించుకుంటారు, బాగుందని వాళ్ళే మెచ్చుకుంటారు. ఆడవాళ్ళు ఆదివారాలు వచ్చి బల్ల దగ్గర కూర్చుని తినవచ్చు. వంటగదిలో అడుగు పెట్టకూడదు. అది తాతలనాటి కట్టుబాటు.

పునీత సెబాస్టియన్ పండుగ ముందురోజు విందుకు ఇరవై రెండేళ్ళు ఆ వంటగదిలో ఉప్పుచేప వండినవాడు కర్మెలే భర్త హోషె మారి. పోయిన వేసవిలో ఆయన కన్నుమూశాడు. వచ్చే శనివారమే విందు. వండేదెవరో ఆ మధ్యాహ్నం తేలిపోవాలి. హోషె మారి పక్కన తొమ్మిదేళ్ళు నిలబడి పని నేర్చుకున్నవాడు ఎన్యౌట్, బస్సు నడుపుకునే నలభై ఏళ్ళ మనిషి. "మూకుడు వాడి చేతిలో పెట్టించు" అని పోయేముందు భర్త కర్మెలే చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. పెట్టించడం ఎలా? సంఘంలో ఆడవాళ్ళకు మాట లేదు, ఎన్యౌట్‌కు నోరు లేదు. ఎవరు వండుతారని సంఘం పెద్ద డొనాటో అడిగినప్పుడు, ఎన్యౌట్ చెయ్యి బల్లమీంచి జానెడు లేచి ఆగిపోయింది. బిషెంటె మాత్రం మనిషే లేచి నిలబడ్డాడు.

పైగా ఆ రోజు ఆయన అదృష్టం కొద్దీ కొత్త చెవులు దొరికాయి. ఊరు చూసి, కడుపారా తిని పోదామని జరగోజా నుంచి వచ్చిన దంపతులు బ్లాస్, సగ్రారియో ఇద్దరూ డొనాటోకు అతిథులుగా బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ ఊళ్ళో తినక తప్పని వంట ఏదని సగ్రారియో పాపం మామూలుగా అడిగింది. పక్కన రొట్టె కోస్తున్న బిషెంటె భార్య ఎస్తిబలిస్ ఆ ప్రశ్న వినగానే కత్తి ఆపి, కళ్ళు మూసుకుని, మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

"ఉప్పుచేప అమ్మా, ఇంకేముంది. పోయిన హోషె మారి చేసేవాడు, మంచివాడే, కాదనను. వాడికి నేర్పింది ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పలు నాకు పడవు. మొదట పన్నెండు మందికి వండానంతే. గెతారియా రేవులో పడవవాళ్ళ పండుగ, వంటవాడికి జ్వరం, పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చారు. చేప, నూనె, వెల్లుల్లి, ఇంతే సరుకు. గరిట పెట్టకూడదు, పిండి కలపకూడదు. మూకుడు రెండు చేతులా పట్టుకుని ఊపుతుంటే చేపలో జిగురు దిగి, నూనె మీగడలా చిక్కబడాలి. ఊపాను. చిక్కబడింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందో చెప్పకపోతే తమకు తిన్నది అరగదని బల్ల చివరినుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. బిషెంటె దాన్ని పొగడ్త కింద జమకట్టుకున్నాడు.

'నేర్పింది నేనే' అన్న మాట కర్మెలే గుండెలో ముల్లులా దిగింది. హోషె మారికి ఆ వంట నేర్పింది ఆయన తల్లి. పొయ్యి పక్కన కొడుకు మణికట్లు పట్టుకుని మరీ ఊపించింది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. కర్మెలే జపమాల సంచిలో పెట్టి, ఓర్పు ఇమ్మని దేవుణ్ణి అడిగి, చెవులు మాత్రం తెరిచే ఉంచింది.

రెండో గ్లాసుకు పన్నెండు మంది నలభై అయ్యారు. మూడో గ్లాసుకు చుట్టుపక్కల రేవులన్నీ కదిలొచ్చి నాలుగు వందలయ్యారు. అంతమందికి సరిపడా మూకుడు ఎక్కడిదని బ్లాస్ అడిగాడు. ముగ్గురు కుమ్మరులు తొమ్మిది రోజులు కూర్చుని చేశారట. గుడి తలుపులోంచి పట్టదని గోడ కూల్చబోతే, ఫాదర్ ఏడుస్తూ అడ్డం పడ్డాడట. మూకుడు గుడిలోకి ఎందుకయ్యా అని ఎవరో అడిగారు. దీవెన కోసమని బిషెంటె ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"ఇంతకీ అంత మూకుడు ఊపేదెవరు? ఇరవై మంది పట్టుకున్నారు, కదల్లేదు. ఎద్దుల్ని కట్టారు, అవి మోకాళ్ళమీద పడ్డాయి. అప్పుడు నేనేమన్నానో తెలుసా? పడవ ఎక్కించండిరా అన్నాను. సముద్రం ఉన్నది ఎందుకు? పడవమీద పొయ్యి, పొయ్యిమీద మూకుడు, మూకుడు ముందు నేను. అల వచ్చిందా, కుడికి ఊపు. అల పోయిందా, ఎడమకు ఊపు. ఏడో అలకు చిక్కబడింది. కాని సముద్రానికి ఆపడం తెలియదు కదండీ, ఇంకా ఊపింది. గాలి లేచింది. పడవ గెతారియా వదిలి కొట్టుకొచ్చి కొట్టుకొచ్చి మన కొంచా తీరంలో తేలింది. మూకుడు పొర్లింది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా తెల్లటి మీగడ, మధ్యలో శాంతా క్లారా దీవి వెల్లుల్లి రెబ్బలా నిలబడింది. స్నానానికి దిగినవాళ్ళు నిగనిగలాడుతూ లేచారు, నెల్లాళ్ళు ఎవరికీ సబ్బు అవసరం రాలేదు. ఊరు ఊరంతా రొట్టెలు పట్టుకుని ఒడ్డుకు పరుగు. బిషప్‌గారు బూట్లు విప్పి మోకాలిలోతు దిగి, రొట్టె ముంచుకుని తిని, వేళ్ళు నాకి, బిషెంటే, ఈ రుచి స్వర్గంలో ఉంటుందో ఉండదో నేను పూచీ పడలేను అన్నారు. ఆయన మాటే, నాది కాదు."

కర్మెలే శిలువ గుర్తు వేసుకుంది. ఆ బిషప్‌గారు పోయి పాతికేళ్ళు దాటింది. లేచొచ్చి కాదనలేనివాళ్ళనే బిషెంటె ఎప్పుడూ సాక్షులుగా పిలిచేవాడు.

బల్ల చుట్టూ నవ్వు కమ్ముకుంది. నమ్మి నవ్వినవాడు ఒక్కడూ లేడు. అయినా నవ్వించినవాడిమీద మనుషులకు మెత్తదనం వస్తుంది. డొనాటో కళ్ళు తుడుచుకుంటూ లేచి, గోడకున్న నల్లపలక దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాడు. ఈసారికి బిషెంటెకే ఇచ్చేద్దామా, పోనీ అన్నాడు. రెండు మూడు తలలు ఊగాయి. ఎన్యౌట్ తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

మాట లేనివాళ్ళు మాట్లాడకూడదు. ప్రశ్న అడగకూడదని మాత్రం తాతలెవరూ రాసిపెట్టలేదు. కర్మెలే ఎప్పటి మెత్తని గొంతుతోనే అడిగింది.

"బిషెంటే, ఆ చేపను ఎన్నాళ్ళు నానబెట్టావు?"

"నానబెట్టడమేమిటి వదినా, శనగలా?" బిషెంటె అతిథుల వైపు చూసి కన్ను గీటాడు. "నానిస్తే రుచి నీళ్ళపాలు. పెట్టె తెరిచాను, సరాసరి మూకుట్లో వేశాను."

డొనాటో చేతిలో సుద్దముక్క ఆగింది. ఒకరిద్దరు పెద్దవాళ్ళు గ్లాసులు దించారు. తప్పేమిటో తెలియని మగవాళ్ళు కూడా ముగ్గురు నలుగురు ఉన్నారు, వాళ్ళు తమ పెళ్ళాల ముఖాలకేసి చూశారు. పెళ్ళాలు అప్పటికే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

"అది రాయిలాంటి ఉప్పు కదా నాయనా," అంది కర్మెలే. "రెండు రోజులు, రోజుకు మూడు పూటలు నీళ్ళు మారిస్తేగాని నోట పెట్టలేం."

బిషెంటెకు అప్పుడు వెలిగింది. అయితే నోటికి మూత పెట్టడం ఆయన ఇంటా వంటా లేదు. అవును మరి, మర్చిపోయాను, పడవమీంచి అలలే ఎగిరెగిరి పడి దాన్ని కడిగేశాయి, లేకపోతే నాలుగు వందల మంది ఎలా తింటారు అన్నాడు.

"ఉప్పునీళ్ళతో ఉప్పు కడిగాయా?"

ఆమె గొంతు ఒక్క పిసరు కూడా పెరగలేదు. జరగోజా నుంచి వచ్చిన సగ్రారియో మొదట ఫక్కున నవ్వింది, తర్వాత బల్ల బల్లంతా. ఇందాకటి నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. బిషెంటె చెవులు ఎర్రబడ్డాయి.

"నీ తప్పు కాదులే," అంది కర్మెలే. "నువ్వు వంటగదిలోకి వచ్చేసరికే అది నాని, ముక్కలై, తుడిచి సిద్ధంగా ఉంటుంది. సముద్రంలో అలాగే పుడుతుందనుకున్నావు. ఈ సంఘం తిన్న ప్రతి ముక్కా ఇరవై రెండేళ్ళు మా ఇంట్లో, నా బేసిన్లలో నానింది."

ఇన్నేళ్ళు మెచ్చుకుంటూ తిన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఆ సంగతి అడిగి ఉండలేదు. డొనాటో కాస్త దగ్గి, ఎన్యౌట్ వైపు తిరిగి, నీకైనా తెలుసా అన్నాడు.

"తోలు పైకి ఉండాలి," అన్నాడు ఎన్యౌట్, బల్లకేసి చూస్తూనే. "చల్లటి నీళ్ళు. ఆఖరి పూట చిన్న తునక నాలుకమీద వేసుకుని చూడాలి. తొమ్మిదేళ్ళూ కర్మెలే పెద్దమ్మ దగ్గరే నీళ్ళు మార్చాను." అతను ఆ సంఘంలో ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

డొనాటో పలకమీద ఎన్యౌట్ పేరు రాశాడు. బిషెంటె వెంటనే, పోనీలెండి, కుర్రవాడికి సాయం కావాలంటే నేనున్నాను అన్నాడు. కర్మెలే ఆ మాట కింద పడనివ్వలేదు.

"మంచిమాట. గురువారం పొద్దున ఆరింటికి మా ఇంటికి రా. నాలుగు బేసిన్లు, నిండితే బరువు. ఎత్తేవాళ్ళు కావాలి."

తప్పకుండా అన్నాడు బిషెంటె, అందరి ముందూ, గుండెమీద చెయ్యి వేసుకుని మరీ.

గురువారం ఆరింటికి ఎన్యౌట్ వచ్చాడు. ఆరుంపావుకు మళ్ళీ తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే ఎస్తిబలిస్. బిషెంటెకు రాత్రినుంచి నడుం పట్టేసిందట, లేవలేకుండా ఉన్నాడట. ఆ కబురు చెప్పి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆమె రెండో బేసిను అంచు పట్టుకుంది.