ఎనిమిది నిమిషాల గంట

లండన్ పార్లమెంటు భవనంలో, నేలమాళిగలో ఉన్న మగవాళ్ళ మరుగుదొడ్డి. పైన బడ్జెట్ మీద ఓటింగు గంట మొదలైంది. అది ఎనిమిది నిమిషాలు మోగి ఆగిందంటే సభ్యులు ఓటు వేసే లాబీ తలుపులు వేసేస్తారు, ఆ తర్వాత ప్రధానమంత్రి వచ్చి కాళ్ళు పట్టుకున్నా తెరవరు. అధికార పక్షం విప్ ఎమ్లిన్ ప్రాసర్ ఒక దొడ్డి తలుపును బాదుతున్నాడు. లోపల దాక్కున్నది అదే పార్టీ సభ్యుడు క్లైవ్ ఆర్మెరాడ్. గుమ్మంలో బంట్రోతు పార్జిటర్ గడియారం చూసుకుంటున్నాడు.

"నీ బూట్లు కనిపిస్తున్నాయిరా క్లైవ్! ఎర్ర లేసులు. ఈ కొంప మొత్తంలో ఎర్ర లేసులు కట్టేవాడివి నువ్వొక్కడివే."

"కడుపునొప్పి, ఎమ్లిన్."

"ఏం తిన్నావేంటి?"

"క్యాంటీన్లో పంది మాంసం కూరిన రొట్టె. పడలేదు."

"అందరం అదే తిన్నాం, నీకొక్కడికే పడలేదా? బయటికి రా."

"రాను."

"పార్జిటర్! ఎంతుంది?"

"ఆరున్నర నిమిషాలుంది సార్. సార్, మీరు కూడా..."

"నిమిషాలు చెప్పమన్నా, నిమిషాలు చెప్పు. వేరే మాట నోట్లోంచి వచ్చిందంటే చూసుకో."

"అలాగే సార్."

"ఎమ్లిన్, నువ్వు పోవయ్యా. నేను లేకపోయినా గెలుస్తారు. మీ పట్టీ నేనూ చూశా. నన్ను తీసేసినా మనకి మూడొందల పదమూడు, వాళ్ళకి మూడొందల పన్నెండు."

"ఒక్క ఓటు! ఒక్క ఓటు తేడా మీద బడ్జెట్ నిలబెట్టమంటావా? ఎవడికో దగ్గొచ్చి బయటికి పోయాడనుకో, సమానమైపోతుంది. సమానమైతే స్పీకరు వద్దనే అంటాడు, అది తాతల నాటి ఆచారం. నాకు రెండు కావాలి. ఆ రెండోది నువ్వు."

"నేను కాదు."

"వినిఫ్రెడ్‌ని చూసి సిగ్గు తెచ్చుకో! మన పార్టీ సభ్యురాలే, ఎనభై రెండేళ్ళ మనిషి. ముక్కులో గొట్టంతో, అంబులెన్సులో వచ్చి ముంగిట్లో పడుకుంది, గేటు లోపలుంటే ఓటు లెక్కేస్తారని."

"వచ్చిందా, లాక్కొచ్చావా?"

"లాక్కొచ్చా. నర్సు అడ్డమొస్తే నర్సునీ ఎక్కించుకొచ్చా. అయితే ఏంటి?"

"నాకూ ఒక ఆస్పత్రి ఉంది ఎమ్లిన్."

"ఇదిగో, మొదలెట్టాడు."

"ఈ బడ్జెట్ గెలిస్తే రాత్రిళ్ళు ఎమర్జెన్సీ మూసేస్తారట. ఆ తర్వాత దగ్గరిదంటే ముప్పై మైళ్ళు. మూయనివ్వనని గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పా. నాకు ఓట్లేసింది ఆ ఒక్క మాటకే."

"డబ్బెక్కడుందిరా? అప్పిచ్చేవాళ్ళు వడ్డీ పెంచి కూర్చున్నారు. ఆర్థిక మంత్రి ఎక్కడినుంచి తెస్తాడు?"

"మీ ఊరి ఉక్కు కొలిమికి ఎక్కడినుంచి తెచ్చాడో అక్కడినుంచే."

"అది వేరు."

"ఏం వేరు?"

"కట్టడానికైతే అప్పు తేవచ్చు. జీతాలకి తేకూడదు. అది ఆయన పెట్టుకున్న కట్టడి. కొలిమి లేస్తే ఉక్కొస్తుంది, ఉక్కొస్తే పనొస్తుంది, పనుంటే పన్నొస్తుంది. దాన్నే వృద్ధి అంటారు. అప్పు తెచ్చి నర్సుకి జీతమిస్తే అప్పు చేసి పప్పు కూడు!"

"నర్సు లేక చచ్చినవాడు పన్ను కడతాడా?"

"ఐదు నిమిషాలు సార్."

"క్లైవ్, విను. పదకొండు వందల కుటుంబాలు. మా నాన్న ఆ పాత కొలిమి దగ్గరే ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మా తమ్ముడు పద్నాలుగు నెలలుగా ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడ గాడిద చాకిరీ చేసి మా ఊరికి నేను తెచ్చింది ఇదొక్కటే. ఇవాళ పోయిందంటే మళ్ళీ రాదు."

"మీ ఊరు బతకాలి, మా ఊరు చావాలి. అంతేగా?"

"దమ్ముంటే పైకెళ్ళి ఎదురు ఓటు వెయ్యి. ఇలా గోడమీద పిల్లిలా..."

"వేస్తే పార్టీలోంచి గెంటేస్తావు. మీ వైపు వేస్తే ఊళ్ళో తలెత్తుకోలేను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్నేం చేయమంటావ్?"

"తలుపు దగ్గర్నుంచి తప్పుకో. తంతున్నా."

"ఎమ్లిన్, నా మోకాలు తలుపుకే ఆనించి ఉంది..."

"తీసెయ్ మోకాలు!"

"అబ్బా! అమ్మో! రాక్షసుడా!"

"గొళ్ళెం ఊడిందా?"

"నా మోకాలు ఊడింది, గొడ్డూ!"

"ఇంకోటి తంతే రెండూ ఊడతాయి. ఇదిగో! ఆఁ, తెరుచుకుంది. ఏంటది చేతిలో? నీళ్ళ తొట్టి మూతా? పింగాణీదిరా అది, కింద పెట్టు."

"దగ్గరికొస్తే నెత్తి పగలగొడతా."

"నీకంత ధైర్యమే ఉంటే ఇక్కడెందుకు దాక్కు... ఆఁ!"

"చెప్పాను! ముందే చెప్పాను!"

"కొట్టావు. నన్ను కొట్టావురా. కంట్లోకి కారుతోంది."

"రావొద్దన్నాగా! ఎందుకొచ్చావ్?"

"ఇరవై ఏళ్ళు రగ్బీ ఆడా, నా నెత్తి పగలగొట్టిన మగాడు పుట్టలేదు. రా ఇలా. రారా!"

"మెడ... మెడ వదులు..."

"నడువు."

"ఊపిరి... ఆడ..."

"నడిస్తే ఆడుతుంది."

"సార్, సార్! ఆయన మొహం నీలంగా మారిపోతోంది!"

"ఎంతుంది పార్జిటర్?"

"మూడు. మెట్లెక్కడానికే రెండు పడుతుంది. మీరొక్కరైనా ముందు..."

"వీణ్ణి ఇక్కడ వదిలేసి నేనెక్కడికి పోతానయ్యా? నోర్ముయ్! క్లైవ్, ఆ గోడ మీది నీళ్ళ గొట్టం వదులు."

"వదలను."

"వేళ్ళు విరిచేస్తా."

"విరువు."

"వట్టి మాట కాదు."

"తెలుసు. విరువు."

"ఒకటి."

"అమ్మా! అమ్మా!"

"ఇంకా పట్టుకునే ఉన్నావా? రెండు."

"ఆఆ! ఇంకా... ఇంకా ఎనిమిదున్నాయిరా. విరువు."

"ఎందుకురా ఈ మొండితనం? ఎవరికోసం?"

"మా చిన్నదానికి ఊపిరాడక ఒళ్ళంతా నీలమైపోతే, పన్నెండు నిమిషాల్లో ఆ ఎమర్జెన్సీకి చేర్చా. ముప్పై మైళ్ళయితే పూడ్చిపెట్టేవాణ్ణి. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ ఎర్ర లేసులు అదే కట్టింది పొద్దున."

"ఇదెప్పుడూ చెప్పలేదే నాకు."

"నువ్వెప్పుడు విన్నావు కనక?"

"ఏడవకు."

"నువ్వు ఏడవట్లేదా?"

"ఇది రక్తం. పార్జిటర్, ఎంత?"

"అరనిమిషం సార్. ఇక లాభం లేదు సార్."

"మోసుకుపోతా వీణ్ణి. లే! కాలు ఎత్తు!"

"కరుస్తా!"

"కరు! ఒరేయ్, నిజంగానే... చెవి! నా చెవి వదులు! వదలరా కుక్కా!"

"సార్."

"ఏంటి?"

"గంట ఆగింది సార్. తలుపులు వేసేశారు."

"ఆగిందా?"

"ఆగింది సార్."

"హమ్మయ్య. ఇక నా చెయ్యి వదులు ఎమ్లిన్, నొప్పి."

"వదిలా. కూర్చో. నేనూ కూర్చుంటా. పార్జిటర్, పైకి పోయి లెక్క కనుక్కురా. ఈ గుహలో ఫోను కూడా పలకదు."

"వెళ్తాను సార్. కానీ సార్, మీరు..."

"పో అన్నానా!"

"ఈ రుమాలు నెత్తికి కట్టుకో. చెవి కూడా చిరిగింది."

"నీ వేళ్ళు?"

"రెండూ పోయాయి. వెనక్కి తిరిగి ఉన్నాయి చూడు, మనవి కాదన్నట్టు."

"ఎమర్జెన్సీకి పోదాం పద."

"ఇక్కడైతే తెరిచే ఉంటుందిలే, లండన్ కదా."

"నవ్వించకు, కుట్లు పడని నెత్తి. పోనీలేరా. రెండు కాకపోతే ఒకటి. ఒక్క ఓటుతో గెలిచినా గెలుపే. కొలిమి వచ్చినట్టే. పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి చెప్తా. అన్నా అని ఏడుస్తాడు వాడు."

"ఎమ్లిన్."

"ఊఁ."

"గంట కొట్టగానే తిన్నగా ఇక్కడికే వచ్చావు కదూ?"

"నీ లేసులు వెతుక్కుంటూ తిన్నగా ఇక్కడికే. ఏం?"

"ఏం లేదు."

"అయితే మాట్లాడకు. ఒక్క నిమిషం ఈ గెలుపుని అనుభవించనీ నన్ను."

"సరే."

"వచ్చావా పార్జిటర్? ఎందుకయ్యా అలా తెల్లబోయావు? లెక్క చదివారా?"

"చదివారు సార్. మూడొందల పన్నెండు."

"అది వాళ్ళది. మనది?"

"అదే సార్. మూడొందల పన్నెండు."

"సమానమా? నీ బొంద! మనవాళ్ళు మూడొందల పదమూడు. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి టిక్కు పెట్టుకున్నా. వినిఫ్రెడ్ పోయిందా?"

"లేదు సార్, ఆమె ఓటు పడింది."

"మరెవడు? ఎవడా వెధవ? పట్టుకుని పీక పిసికేస్తా! స్పీకరేమన్నాడు?"

"వద్దన్నారు సార్. బడ్జెట్ పోయింది. కొలిమి కూడా అందులోనే కదా సార్."

"ఎవడని అడుగుతున్నానా! పేరు చెప్పు!"

"చీఫ్ విప్ గారు మిమ్మల్నే వెతికి తెమ్మన్నారు సార్. 'ఆ ప్రాసర్ గాడు ఓటెయ్యకుండా ఏ దొడ్లో దాక్కున్నాడో చూసి, తలుపు పగలగొట్టైనా లాక్కురా' అన్నారు."